మునగాకు తిన్న మేక

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇప్పుడు తెలిసింది తక్కువ, అలసట ఎక్కువ. అప్పటికి ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం, పెళ్లి కాలేదు, పసిబిడ్డను సరిగా ఎత్తుకోవడం కూడా రాదు. అయినా నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో బాలింతలకు పాలు పడే ఉపాయాలు చెప్పడం నా పని. చంకలో ఒక చార్టు, దాని మీద మెంతులు, సోంపు, మునగాకు, పిల్లిపీచర గడ్డలు (శతావరి అంటే ఎవరూ పలకలేదని మార్చి రాసుకున్నా). మునగాకులో ఇనుము, కాల్షియం, అన్నింట్లోనూ యాంటీ ఆక్సిడెంట్లు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. తిప్పుకుంటే అవేమిటని ఎవరైనా అడుగుతారని భయం.

ఒక ఊళ్లో ఒక బాలింతకు పాలు చాలక బిడ్డ రెండు వారాలుగా తూకం పెరగలేదు. ఈసారీ పెరగకపోతే కదిరి ఆసుపత్రికి పంపాల్సిందేనని నర్సమ్మ చెప్పింది. నాకు నిద్ర పట్టలేదు. మెంతిపొడి, పిల్లిపీచర పొడి కలిపిన డబ్బా, ఒక మోపు మునగాకు బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి, బాలింత అత్తకు (ఊరంతా ఆమెను జేజి అనేవాళ్లు) అప్పజెప్పి వచ్చాను.

వారం తర్వాత తూకం వేస్తే బిడ్డ పెరిగింది! నేను నేల మీద లేను. "చూశావా జేజీ, యాంటీ ఆక్సిడెంట్లు!" అన్నాను.

"పెరగకుండా యాడికి పోతాదిమ్మా? రెండు పూటలా పెడ్తాండా. ఇష్టంగా తింటాండాది."

"అంత చేదు ఇష్టంగా తింటోందా?"

"రా, చూద్దువు" అని పెరట్లోకి తీసుకుపోయింది. కానుగ చెట్టు కింద ఒక మేక నా మునగాకు నములుతోంది. పక్కనే కోడలు, ఒళ్లో బిడ్డ.

"జేజీ! నేనిచ్చింది నీ కోడలికి కదా!"

"ఆయమ్మి నోట్లో పెట్టుకుంటానే కక్కేసె. పారేసేకి మనసొప్పల్యా. పొడి మేక తింటాది, మేక పాలు కోడలు తాగుతాది, కోడలి పాలు బిడ్డ తాగుతాది. ఇందులో తప్పు యాడుండాది?"

నేను చార్టు తీసి వెతికాను, అందులో మేక లేదు. జేజి లోపలికి వెళ్లాక కోడలు మెల్లగా అంది, "అక్కా, మునగాకు తెచ్చేది మాత్రం మానొద్దు."

"ఎవరికి, మేకకా?"

"ఆ ఆకు కోసం పక్కిండ్ల మేకలన్నీ వస్తాండాయి. కాపలాకని మా అత్త నన్నీడ కూర్చోబెట్టింది. శెనక్కాయలు ఒలిచే పని తప్పింది. బిడ్డ అడిగినప్పుడల్లా పాలిస్తా, అది పండుకుంటే నేనూ పండుకుంటా. కాన్పయినాక ఇంత నిద్ర ఇప్పుడే అక్కా." చెబుతూనే ఆవులించింది.

ఇంకో రెండు నెలలు ప్రతి వారం మునగాకు మోసుకెళ్లాను. రిపోర్టులో 'మునగాకు బాగా పనిచేసింది' అని రాశాను (అబద్ధమైతే కాదు).

నాలుగేళ్ల కిందట నాకు పాప పుట్టింది. అమ్మ మెంతి లడ్లు, అత్తమ్మ సోంపు కషాయం, మా ఆయన ఫోన్లో తెప్పించిన శతావరి పొడి, అన్నీ మింగాను. ఒంట్లో యాంటీ ఆక్సిడెంట్లకు ఇక చోటు లేదు, పాలు మాత్రం అంతంతే. బిడ్డను చూడటానికి వచ్చినవాళ్లకు కాఫీలు కలుపుతూ, బట్టలు మడతపెడుతూ, చార్టు చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగిన ఆ పిల్లా, మేక కాపలా పేరుతో కంటినిండా నిద్రపోయిన ఆ కోడలూ గుర్తొచ్చి నవ్వాను. నవ్వుతుంటే కళ్లు తడిశాయి. మా ఆయన కంగారుపడి, "ఇంకేమైనా తెప్పించాలా?" అన్నాడు.

"ఒక మేకను తెప్పించండి" అన్నాను.