మా గల్లీని పలకల ఎక్కించుకపోయిన పిల్ల

నాచారంల మా గల్లీకి నేనొచ్చి ఇరవై రెండేండ్లు. ఏ ఇంట్ల ఎవరెప్పుడు పుట్టిన్రు, ఎవరికి ఏ నెలల పచ్చకామెర్లు వచ్చినయి, అందరు నన్నే అడుగుతరు. సదివింది మూడో తరగతే గానీ, విన్నది మర్వ.

నిరుడు ఎండకాలం ఒక పిల్ల వచ్చింది. మెడల కార్డు, చేతుల పలకంత ఫోను. ఉప్పల్ దిక్కు ఏదో ల్యాబంట, పైసలు తీస్కోకుంట ఉత్తగనే రక్తం పరీక్ష జేస్తరంట. ముందుగాల ఇంట్ల పాత రోగాలు రాసుకోవాలన్నది. మా ఇంటివి జెప్పిన. పలక మీద వేలుతోని సంతకం జెయ్యమంటే జేసిన. గక్కడికి అయిపోవాలె. "పక్కింట్ల ఎవరుంటరు అత్తమ్మా?" అనుకుంట మళ్ల కూసున్నది.

నాలుగు రోజులు వరుసగ పగటిపూట వచ్చింది. సర్వపిండి జేసి వెట్టిన. నేను నోరు దెరిస్తే "మళ్ల షురూ జేసినవా" అంటడు మా ఆయన. ఆ పిల్లయితే "అవునా, అటెన్క?" అంటుండె. గట్ల అడిగేటోళ్లు దొరికితే నేను ఆగుతనా! ఇల్లిల్లు జెప్పిన. ఎదురింటక్క బిడ్డకు చిన్నప్పుడు మూర్ఛ వస్తుండెనని, ఒకపారి తాళంచెవుల గుత్తి చేతుల వెట్టి నేనే పట్టుకున్ననని గూడ జెప్పిన, అడిగితే ఆ బిడ్డ ఫోను నంబరు గూడ ఇచ్చిన. గల్లీల ఆ ముచ్చట వాళ్లింటోళ్లకు, నాకే ఎరుక.

ఆ బిడ్డ ఇప్పుడు పోచారంల కంపెనీల పనిజేస్తది. మొన్న ఆమెకు బయటి దేశం నుంచి ఫోనొచ్చింది. మూర్ఛకు మందు అమ్ముతరంట. క్యాబుల పక్కన కూసున్న దోస్తులంత విన్నరంట. "నా సంగతి మీకెవరిచ్చిన్రు" అని ఆమె గట్టిగ అడిగితే, ఆ ల్యాబు కాడ కొన్నమని జెప్పిన్రంట.

సాయంత్రం తల్లీబిడ్డ మా అరుగు మీదికొచ్చిన్రు. అక్క ఎంట దెచ్చుకున్న చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.

"మనుషుల వివరాలు బయటి దేశాలకు అమ్ముకోకుంట సర్కారు హద్దు వెడ్తున్నది చిన్నమ్మా, ఫిర్యాదు జేస్త" అన్నది బిడ్డ. "గానీ ల్యాబోళ్లకు నా ముచ్చట ఎవరు జెప్పిన్రు? అమ్మ జెప్పలే."

"నేనే" అన్న.

అక్క చెయ్యి ఆగింది. "ఎవ్వరికి జెప్పనని నా నెత్తి మీద చెయ్యి వెట్టినవ్ గదనే."

సంతకం జేసింది నా ఇంటికి, పోయింది గల్లీ మొత్తం. నా చేతి ముద్ద తినుకుంట అత్తమ్మా అన్నది ఆ పిల్ల. ఆమె ఇచ్చిపోయిన నంబరుకు జేస్తే కలుస్తలేదు.

"ఏమేం జెప్పినవో ఒక్కటి ఇడవకుంట జెప్పు, రాస్త. ఎవరింటిది వాళ్లకు సూపెట్టి ఫిర్యాదు మీద సంతకాలు తీస్కుందాం" అన్నది బిడ్డ.

మూలమీది ఇంటికాడ షురూ జేసిన. ఒక్కొక్క ఇల్లు జెప్తాంటే, రేపటి సంది ఆ ఇంట్ల నాకు చాయ్ దొరకదని తెలుస్తనే ఉన్నది. అయినా జెప్పిన.

ఎదురిల్లొచ్చింది. మూర్ఛ సంగతి రాయించిన. ఇంకొకటుండె. ఆ బిడ్డకు గూడ తెల్వంది. అక్క ఒకనాడు ఏడ్సుకుంట నాకొక్కదానికే జెప్పుకున్నది. పలక పిల్లకు అది గూడ జెప్పిన. ఏందో ఇక్కడ రాయ.

అక్క నా నోటి దిక్కే సూస్తున్నది.

"ఇంకేమన్న ఉన్నదా చిన్నమ్మా?"

"లేదు బిడ్డా. ఆ పక్కిల్లు రాయి."

నేను ఆమె దిక్కు సూడకపోయేసరికి, అది గూడ పలకలకు పోయిందని అక్కకు సమజయింది. చిక్కుడుకాయలు కొంగుల ఏసుకొని లేచి ఎళ్లిపోయింది. బిడ్డ తలకాయ ఎత్తకుంట రాసుకుంటనే ఉన్నది.