వంకర లేబుల్ సీసా

మా ఆశాజ్యోతిది ఉడుంపట్టు. కొవ్వూరు దగ్గర పిల్లల దగ్గుమందు తయారుచేసే మా చిన్న కంపెనీలో శాంపిల్ పరీక్షించేది ఆమె, సరుకు లారీ ఎక్కించేది నేను. సిరప్పులో కలిసిపోయిన మందుల్ని ఆమె మెషీన్ విడదీస్తుంది. సన్నటి గొట్టంలోంచి అవి ఒకదాని వెనక ఒకటి బయటికొస్తుంటే, ఏది ఎంత ఉందో తెర మీద గీతలు లేచి చెబుతాయి. చెప్పినా ఆమెకి చాలదు, అదే శాంపిల్‌ని మళ్లీ మెషీన్‌కి ఎక్కిస్తుంది. అవతల లారీ డ్రైవరు నా ప్రాణం తోడేస్తుంటాడు.

"నీ మెషీన్ మీద నీకే నమ్మకం లేదేంటమ్మా?" అని ఎన్నిసార్లు ఎగిరానో.

"మెషీన్ మీద ఉందండి. నా చేతి మీదే లేదు," అనేది.

మా దగ్గర ఒక పాడు అలవాటుంది. లేబుల్ వంకరగా పడ్డ సీసాలు అమ్మకానికి పనికిరావు కాబట్టి, ఎవరికి కావాలంటే వాళ్లు ఇంటికి పట్టుకుపోతారు. పరీక్ష అవకుండా ముట్టుకోవద్దని ఆశాజ్యోతి మొత్తుకునేది. మా చెవికెక్కితేగా. ఆ సాయంత్రం మనవరాలు దుర్గాశ్రీకి జలుబుగా ఉందని నేనూ ఒకటి సంచిలో వేసుకున్నాను.

మర్నాడు లారీ వచ్చి నిలబడింది. తొందరపెడదామని ల్యాబులోకి వెళ్లేసరికి ఆమె ముఖం పాలిపోయి ఉంది.

"జలుబుకి వేసే మందు రెట్టింపు దాటిందండి. షిఫ్టు మారేటప్పుడు మళ్లీ కలిపేసినట్టున్నారు. పిల్లలకి నిద్ర ముంచుకొచ్చేస్తుంది. నిన్న సీసాలు ఎవరు పట్టుకెళ్లారు?"

నేనూ ఒకటి పట్టుకెళ్లానని చెబుతూనే కోడలికి ఫోన్ చేశాను.

"రాత్రి పట్టాను మావయ్యగారూ. ఇందాక ఇంకోసారి పట్టాను. హాయిగా పడుకుందండి."

"లేపమ్మా."

పిల్లని పేరు పెట్టి పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచింది. తర్వాత కోడలు ఫోన్లోకి వచ్చింది. "లేవట్లేదండి."

సీసాతో సహా ఆస్పత్రికి పరిగెత్తమని చెప్పాను. సిగ్గు విడిచి ఆశాజ్యోతికి చేతులు జోడించాను. "ఇంకొక్కసారి ఎక్కించు తల్లీ. ఎక్కడో తప్పొచ్చుంటుంది."

"నా చెయ్యి తప్పయితే బాగుండునని ఇప్పటికే మళ్లీ మళ్లీ ఎక్కించానండి," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందు మీరు బయల్దేరండి. ఏ మందో, ఎంతుందో డాక్టరుగారికి నేను ఫోన్లో చెబుతాను."

గేటు దగ్గర హారన్ కొడుతున్న డ్రైవరుతో లోడు లేదు పొమ్మని చెప్పి వెళ్లిపోయాను.

ఆస్పత్రిలో పిల్ల కాలు పట్టుకుని కూర్చున్నాను. డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. మధ్యాహ్నం దాటాక దుర్గాశ్రీ కళ్లు తెరిచి, చిరాగ్గా ముఖం పెట్టి పాలు అడిగింది. నాకు ఏడుపు ఆగలేదు.

ల్యాబుకి ఫోన్ చేసి చెప్పాను. ఇళ్లకెళ్లిన మిగతా సీసాలన్నీ వెనక్కి తెప్పించానని చెప్పి ఆశాజ్యోతి గట్టిగా ఊపిరి వదిలింది. వెనక మెషీన్ చప్పుడు వినిపిస్తోంది.

"ఇంకా ఏం చేస్తున్నావమ్మా?"

"ఇంకొక్కసారి ఎక్కించమన్నారు కదండి."

"ఎంతొచ్చింది?"

"మళ్లీ అంతేనండి," అంది.