నెలసరి తేదీల పుస్తకం

మొన్న గురువారం ఉదయం పదకొండుంబావుకు, మా తార్నాక ఇంటికి నడక దూరంలో ఉన్న యూనివర్సిటీలో, సైకాలజీ పిల్లలకు నా నర్సు ఉద్యోగం గురించి చెబుతుంటే, ముందు వరుసలోని అమ్మాయి ఏ బెరుకూ లేకుండా, మానసిక ఆసుపత్రిలో ఆడవాళ్ల నెలసరి సంగతి, కాపురం సంగతి ఎవరైనా అడిగేవారా అంది. పక్కనున్న మగపిల్లలు కూడా తల దించుకోలేదు.

అడిగేవారు కాదు. కేసు షీటులో అందుకొక గడి ఉండేది, అందరూ అందులో అడ్డగీత గీసి ఊరుకునేవారు, మతి తప్పినవాళ్లకు అవన్నీ ఎందుకన్నట్టు. మూడేళ్లు నేనూ గీశాను. ఆడవార్డు ఇన్‌ఛార్జిని అయ్యాక మాత్రం రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, మనిషికొక పేజీ చొప్పున, నెలసరి వచ్చిన తేదీ, మాత్ర మార్చిన తేదీ రాయడం మొదలుపెట్టాను. తోటి నర్సులు దాన్ని మైల చిట్టా అని నవ్వేవారు. నవ్వనిచ్చాను.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన భార్య మా దగ్గర నాలుగు నెలలుండి కుదుటపడింది. ఇంటికి తీసుకుపోయే రోజున, బట్టలు మార్పిస్తున్న అత్తగారు కోడలి రవికె పాలతో తడిసి ఉండటం చూసింది.

"మూడు నెలల సంది ముట్టు రాలేదంట, పాలొస్తున్నయ్! నా కొడుకు దీన్ని ముట్టుకోక నాలుగు నెలలాయె. ఏం దవాఖానమ్మా గిది?"

డాక్టరుగారు పరీక్ష చేయించి గర్భం కాదని చూపిస్తే, మీ కాయితం మీకు నచ్చినట్టు రాసుకుంటరు అంది. కోడలు సంచి చేతపట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆ పూట వదిలి వెళితే వాళ్లు మళ్లీ రారని నాకు తెలుసు.

భర్తను పిలిచి ఆమె పేజీ తెరిచాను. చేరాక వార్డులోనే నెలసరి వచ్చిన తేదీ, మాత్ర డోసు పెంచిన తేదీ, ఆ తర్వాత అంతా ఖాళీ. పేర్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, అదే మాత్రతో అలాగే ఆగిపోయిన మరో నలుగురి పేజీలు కూడా చూపించి, ఆ మాత్ర వల్ల కొందరికి పాలు కూడా వస్తాయని చెప్పాను. ఆయన ఒక్కో తేదీ మీద వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"గోళీల వల్లనేనే అమ్మా. ఇగ నోరు మూసుకొని నడువు" అన్నాడు తల్లితో.

గేటు దాకా వెళ్లి, గోడ వైపు చూస్తూ వెనక్కి వచ్చాడు. "సిస్టరమ్మా, ఇంటికి పోయినంక... మునుపటి లెక్క ఉండొచ్చునా?"

ఉండొచ్చని, ఆమె ఇష్టపడితేనని చెప్పాను.

"గా మాట నన్నడగాలె గని, సిస్టరమ్మనా?" అంది వెనక నుంచి భార్య. నాలుగు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

డాక్టరుగారు మాత్ర మార్చారు. రెండో నెలలో ఆమె వచ్చి, నా చెవిలో తేదీ చెప్పి రాయించుకుని వెళ్లింది. ఆ తర్వాత నా పుస్తకం చూడందే డాక్టరుగారు ఆడవాళ్లకు మందు మార్చలేదు; నా ఉద్యోగంలో నేను అందుకున్న బిరుదు అదొక్కటే, చాలు.

ఇప్పటి పిల్లలు ఈ సంగతులు క్లాసులో గట్టిగా అడుగుతున్నారు, సంతోషం. ఆ కోడలి కంటే ముందు, ఇదే అనుమానంతో అత్తింటివారు వదిలేసినవాళ్లు నాకు తెలిసి ముగ్గురు. ఇద్దరు పుట్టింటికి చేరారు. ఒకామె వార్డులోనే ముసలిదై, అక్కడే పోయింది.