మాఫ్ అడిగిన పెద్దమనిషి

మా మామ నర్సింలు గారు ఇక లేరన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. పోయిన వారం వికారాబాద్‌లో మా ఇంట్లోనే, నిద్రలోనే ఆయన తనువు చాలించారు. ముందురోజు సాయంత్రం చాయలో చక్కెర తక్కువైందని నాతో కయ్యం పెట్టుకున్న మనిషి, పొద్దున పిలిస్తే పలకలేదు. కోడలు మామను పొగిడితే లోకం నవ్వుతుందని తెలుసు. నవ్వనీ.

తాండూరు బండల పాలిష్ మిషన్ దగ్గర జీవితమంతా ధారపోసిన శ్రమజీవి ఆయన. ఆ మోతకు చెవులు మందగించాయి, గొంతు పెరిగింది. కోపం మాత్రం పుట్టుకతోనే వచ్చిందని మా అత్తమ్మ అనేది. అటువంటి ఉగ్రమూర్తిలో అంత కారుణ్యం ఎక్కడ దాగి ఉండేదో!

ఒకసారి తాండూరు నుంచి రైల్లో వస్తున్నాం. నా బిడ్డ హర్షిత ఉడకబెట్టిన కందికాయలు తింటోంది. ఎదురు సీట్లో కన్నడం మాట్లాడే తల్లి ఒడిలోంచి ఒక పసివాడు అటే చూస్తున్నాడు. మామ చెప్పగానే మా పిల్ల పిడికెడు ఇచ్చింది గానీ, ఏరి ఏరి తాలు కాయలే ఇచ్చింది. మామ తిట్టలేదు. తన దోసిట్లోని నిండు కాయలు ఆ పసివాడికి ఇచ్చి, "ఇచ్చేటప్పుడు మంచియే ఇయ్యాలె బిడ్డా. మనకొద్దన్నది ఇస్తే అది ఇచ్చుడెట్లయితది?" అన్నారు. తాలు కాయలు తానే నమిలారు.

నిరుడు ఇంటినిండా చుట్టాలున్న రోజున ఆయన చెవి మిషను కనబడలేదు. దానితో ఆడే అలవాటు హర్షితకు ఉంది. ఇంకేముంది, "నువ్వే తీసినవ్! అబద్ధాలు గూడ నేర్చినవా?" అని అందరి ముందూ గర్జించారు. తీయలేదని పిల్ల ఎంత ఏడ్చినా వినలేదు. చుట్టాలు వెళ్లిపోయాక అది ఆయన విడిచిన అంగీ జేబులోనే దొరికింది.

మరొకరైతే చప్పుడు చేయకుండా చెవిలో పెట్టుకునేవారు. ఈయన ఆ చుట్టాలకందరికీ ఫోన్లు చేసి, "పోరి తియ్యలే, తప్పు నాది" అని చెప్పారు. ఆ గొంతుకు గల్లీ అంతా విన్నది. తర్వాత పిల్ల ముందు నేల మీద కూర్చుని, "తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి" అన్నారు. ఆ రాత్రికి మా ఇంట్లోనే ఆగిన ఆయన ధారూర్ చెల్లెలు లబలబలాడింది. "పెద్దోనివి, పోరికి మొక్కుతవా అన్నా? దాని ఆయుష్షు తగ్గదా?"

"మొక్కుతలేను, అడుగుతున్న."

హర్షిత మూతి ముడుచుకుని మాట్లాడలేదు. "తాత గంతగనం అడుగుతుండు గదనే, సరే అనరాదు!" అని నేను కసిరాను.

"నువ్వు ఊకో తల్లీ, జబర్దస్తి చెయ్యకు. అడుగుడు నా పని. ఇచ్చుడు దాని ఇష్టం."

కొన్నాళ్లకు తాతా మనవరాలు మళ్లీ ఒకే కంచంలో జొన్నరొట్టె తిన్నారు, కొట్లాడుకున్నారు. ఆయన మాత్రం ఆ సంగతి పిల్ల దగ్గర మళ్లీ ఎత్తలేదు. ఒక్కసారి నాతో, "దాని మనసుల ఇంక ఉన్నదేమో" అన్నారు. అంత పెద్ద గొంతు, ఆ మాట దగ్గర సన్నబడింది.

పిల్లల దగ్గర తలవంచడం తక్కువతనం కాదని మా ఇంటికి నేర్పిన ఆ మహానుభావుడికి నా కన్నీటి నమస్సులు. పెద్దరికం చూపేవాళ్లు మా చుట్టాల్లో చాలామందే మిగిలారు, ఆయన వంటి పెద్ద ఇక దొరకడు.

పాడె లేపే ముందు హర్షిత నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నాకు కోపం ఎప్పుడో పోయింది. తాతకు చెప్పుడు మర్చిపోయిన."

దింపుడు కల్లం దగ్గర పాడె దించి, ప్రాణం ఇంకా ఉందేమోనని చెవిలో పిలవడం మన ఆచారం. మా ఆయన "నాయనా" అని మూడుసార్లు పిలిచి లేచారు. వద్దంటున్నా వినకుండా హర్షిత ముందుకెళ్లి వంగింది. తాతతో ఎప్పుడూ మాట్లాడినట్టే గట్టిగా అరిచింది. "తాతా, మాఫ్ చేసిన!"

పలుకుతారనే అనుకున్నాను.