మగ్గం మీద ఆగిపోయిన వాదన

గుంతకల్లులో ఉదయం ఆరూ నలభైకి ప్యాసింజరు బండి కదిలింది. ఆదోనికి గంట ప్రయాణం, పైన ఇంకో పది నిమిషాలు. మీలో ఎవరైనా ఈ దారిన వెళ్లేట్టయితే చలికాలంలో, పత్తి తీసే రోజుల్లో వెళ్లండి. కుడివైపు కిటికీ పట్టుకోండి. మంచులోంచి ముందు గుండ్రాళ్ల గుట్టలు తేలతాయి, తర్వాత చేలు, చివరికెప్పుడో మనుషులు. నేను బండెక్కగానే కునుకు తీసే రకం. ఆ శనివారం మాత్రం కునుకు పట్టలేదు. సరదాగా బయల్దేరిన ప్రయాణం కాదది. నోరు జారి చెడగొట్టిన ఒక స్నేహాన్ని బాగుచేయడానికి పోతున్నాను.

ఆ స్నేహం నాది కాదు. ఎమ్మిగనూరులో మా పాత వీధిలో మగ్గం నేసే హనుమంతప్ప మామది, నాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన భీమాచార్లు సార్‌ది. మామ పచ్చి నాస్తికుడు. సార్ వాళ్లది తరతరాలుగా గుడి సేవ చేసే కుటుంబం. నుదుట నల్లటి అంగారం గీత దిద్దుకోనిదే ఆయన మంచినీళ్లు కూడా ముట్టరు. రిటైరై ఆదోనిలో సొంతింటికి మారాక కూడా ప్రతి ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చేవారు. మగ్గం దగ్గర కూర్చుని ఇద్దరూ దేవుడు ఉన్నాడా లేడా అని పొద్దు వాలేదాకా కొట్లాడుకునేవారు. ముప్పై ఏళ్లలో ఎవరూ ఒక్క అంగుళం జరగలేదు. "హనుమంతుడు, భీముడు ఇద్దరూ వాయుదేవుని కొడుకులే గదప్పా. అన్నదమ్ముల ఆస్తి తగాదా ఇది" అని సార్ నవ్వేవారు. "ఉండే ఆస్తికి ఎవురైనా కొట్లాడతారు సామీ. లేనిదానికి కొట్లాడేది మనమే" అనేవాడు మామ.

సార్ వచ్చినప్పుడల్లా మంత్రాలయం ప్రసాదం పొట్లం తెచ్చేవారు. మామ దాన్ని కళ్లకద్దుకోడు. చేతిలో పెట్టుకుని పరీక్ష చేసినట్టు చూసి, "గోదుమ పిండి, సక్కెర, నెయ్యి, యాలక్కాయ. దేవుడు యాడా కనపల్లేదు" అని చదివి, మొత్తం తినేసేవాడు.

నిరుడు వానాకాలంలో మామకు కర్నూలులో గుండె ఆపరేషన్ అయింది. అదే రోజు సార్ మంత్రాలయం వెళ్లి, డెబ్బై ఏళ్ల వయసులో, తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టారు. నడుము పట్టేసింది. మామకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. మామ కోలుకుని ఇంటికొచ్చాక నేనే ఆగలేక చెప్పేశాను. వింటే మనసు కరుగుతుందనుకున్నాను. మామ మొహం నల్లబడింది. అప్పటికప్పుడు సార్‌కి ఫోన్ చేసి, "ఇంగ నా గడప తొక్కొద్దు సామీ" అని పెట్టేశాడు. ఐదు నెలలైంది.

మొన్న మామ కోడలు లక్ష్మి ఫోన్ చేసింది. "ఆపరేషన్‌కు ముందే పడుగు అయిపాయ గదన్నా. కొత్తది తెచ్చి పెట్టినాము. నేను అతుకుతానంటే తాకనీడు. నేసుకోవచ్చని డాక్టరు సెప్పినాడు. ఊరికే గోడ సూస్తా కూసుంటాడు" అంది.

మగ్గం సంగతి తెలియనివారికి చెప్పాలి. పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. వేళ్లకు బూడిద అద్దుకుని రెండు కొసలూ మెలిపెడితే అతుక్కుంటాయి. వేల పోగులుంటాయి. ఒకరు అందిస్తుంటే ఇంకొకరు అతుకుతారు. మామ భార్య పోయినప్పటి నుంచి ఆ అతికే పని సార్‌ది. వాదన ఊపులో ఎప్పుడు నేర్చుకున్నారో ఆయనకే గుర్తులేదు. గుడి సేవ చేసే ఇంటి మనిషికి మగ్గం పనేంటని ఆదోనిలో బంధువులు ఆశ్చర్యపోయేవారట.

రైల్లో నా ఎదుట ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు, పత్తి తీసే కూలికి పోతున్నారు. కిటికీలో ఎండ పొడ పడగానే ఒకామె మెడలోని సిలువ పట్టుకుని కళ్లు మూసుకుంది. రెండో ఆమె సూర్యుడికి దండం పెట్టింది. తర్వాత ఇద్దరూ ఒకే గుడ్డలోంచి రొట్టె తుంచుకున్నారు.

"మీ ఇద్దరికీ దేవుని కాడ తగాదా రాదామ్మా?" అని అడిగాను.

సిలువ వేసుకున్నామె నవ్వింది. "వస్తాది సారూ. పని లేనప్పుడు."

ఏడూ యాభైకి ఆదోనిలో దిగాను. స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ఈ రెండూ తినకుండా ఆదోని దాటితే వెళ్లినట్టు లెక్క కాదు. మార్కెట్ వైపు పోయే లారీల నుంచి పత్తి పీచు రేగి గాల్లో తేలుతోంది. కరెంటు తీగల మీద, టీ బంకు రేకు మీద, మనుషుల జుట్టులో కూడా పీచే. ఎండ ఇంకా పదునెక్కలేదు. ఆ తెల్లటి మసకలో నడుస్తుంటే ఊరంతా కలలో చూస్తున్నట్టుగా ఉంది. సార్ ఇల్లు పది నిమిషాల నడక. నేను అరగంట నడిచాను. ఆయన మొహం చూడాలంటే భయమేసింది.

సార్ వరండాలో కుర్చీలో ఉన్నారు, నడుముకి దిండు పెట్టుకుని. నన్ను కూర్చోమనలేదు. "ఎట్లున్నాడు?" అన్నారు.

"బాగున్నాడు సార్. మగ్గం ఎక్కడం లేదంట."

"ఎవరు అతుకుతారు మరి" అన్నారు.

సార్ భార్య కాఫీ ఇచ్చింది. వాళ్లింట్లో మాట కన్నడం. నాతో మాత్రం తెలుగులో మాట్లాడుతుంది. "వచ్చే నెల ఈయనకు కంటి ఆపరేషన్ నాగేశూ. శుక్లం. రెండుసార్లు వాయిదా వేసినారు. ఎందుకంటే చెప్పరు" అంది. సార్ వినపడనట్టు దిక్కులు చూశారు.

ఎమ్మిగనూరు రమ్మని అడిగాను. తప్పు నాదేనని చెప్పాను. చేతులు పట్టుకున్నాను. "గడప తొక్కొద్దన్న ఇంటికి నేనెట్ల పోయేది? నాకూ మానం ఉండాది" అన్నారు. ఇక లేచాను. ఆయనా లేచారు. "బస్టాండు దాకా వస్తా, నిన్ను ఎక్కించి వస్తా" అన్నారు. అప్పటికే ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నారని నేను అప్పుడు గమనించాను. ఆమె లోపలి నుంచి సంచీ తెచ్చింది. అందులో పెరుగన్నం డబ్బా, ప్రసాదం పొట్లం ఉన్నాయి. "హోగి బన్ని" అంది, ఇద్దరినీ చూసి. వెళ్లిరండి అని.

బస్టాండులో ఎమ్మిగనూరు బస్సు పదిన్నరకు సిద్ధంగా ఉంది. నాకు సీటు చూపించడానికని సార్ బస్సెక్కారు. సీటు మెత్తగా ఉందో లేదో చూడాలని కూర్చున్నారు. బస్సు కదిలింది. కండక్టర్ వస్తే రెండు టికెట్లు తీసుకున్నాను. సార్ తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఊరు దాటాక నల్లరేగడి మొదలైంది. విచ్చిన పత్తి చేలు ఇటూ అటూ, నడుమ ఎక్కడో ఒక బండరాయి, దాని నీడలో నిలబడ్డ రెండు మేకలు. గుంట వచ్చినప్పుడల్లా సార్ ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంటున్నారు. ఆ నొప్పి చూసి ఓర్చుకోలేక ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది.

"ముప్పై ఏళ్లు వాదించారు సార్. ఆయన మారడని తెలిసీ ఎందుకు?"

సార్ చేల వైపు చూస్తూ చెప్పారు. "చచ్చినాక నేను పోయే చోటు ఒకటుందని నా నమ్మకం నాగేశూ. ఆయప్పేమో నేను యాడికీ పోను, మట్టిలో కల్సిపోతా అంటాడు. ఆడికి పోయినాక పక్కన ఆయప్ప లేకుంటే నేను ఎవరితో మాట్లాడేది? ఎట్లన్నా ఒప్పిచ్చి తీసుకపోదామని నా యాతన." చిన్నగా నవ్వారు. "ఆయప్ప బాధ ఇంకో రకం అనుకుంటా. లేని ఊరికి మూట కట్టుకోని కూసున్నాడే ఈ పిచ్చోడు, అని."

నన్ను ఇద్దరూ గోడమీది పిల్లి అని ఎగతాళి చేసేవారు, ఎవరింట్లో ఉంటే వాళ్ల మాటకు తల ఊపుతానని. అది నిజమే. నేను ఎవరితోనూ దేవుడి గురించి వాదించలేదు. అలా వాదించాలంటే ఎదుటి మనిషిని ఎంతగా కావాలనుకోవాలో ఆ బస్సులో అర్థమై, కొంచెం సిగ్గేసింది.

పదకొండున్నరకు ఎమ్మిగనూరు. ఆటోలో మా వీధికి చేరేసరికి ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది. మామ గడపలోనే నిలబడి ఉన్నాడు, చిక్కిపోయి, బొత్తాలు పెట్టని చొక్కాలో. నా వెనక సార్ కనబడుతూనే ఉన్నారు.

"నువ్వొక్కడివే వస్తివా నాగేశూ?" అన్నాడు మామ.

"ఒక్కడే వచ్చినాడు. నేను మగ్గం కాడికి వచ్చినా" అన్నారు సార్.

తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుని, మామ పక్కనుంచే లోపలికి వెళ్లారు. మగ్గం గుంటలోకి దిగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఒక చేయి గోడకి, ఒక చేయి నడుముకి. మామ కదలకుండా అదంతా చూశాడు. లక్ష్మి పరుగున పోయి కొబ్బరి చిప్పలో బూడిద తెచ్చి సార్ ముందు పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి మామ వచ్చి అవతలివైపు కూర్చున్నాడు. ఒక పోగు తీసి అందించాడు. సార్ అతికారు. ఇంకోటి అందించాడు.

నేను గోడకానుకుని కూర్చున్నాను. పోగు మీద పోగు, బూడిద, మెలిక. పక్కిళ్ల మగ్గాల చప్పుడు, పైకప్పు సందులోంచి దిగే ఎండ, అందులో తిరిగే దుమ్ము. రైల్లో రాని కునుకు నాకు అక్కడ వచ్చింది. కలో నిజమో తెలియకుండా ఎంతసేపు ఉన్నానో, మామ గొంతుకి మెలకువ వచ్చింది.

"నిన్ను పొర్లమని ఎవుడు సెప్పినాడు సామీ?"

"ఎవరూ చెప్పలేదు."

"నా గుండె కోసి కుట్టింది డాక్టరు. నడుము ఇరగ్గొట్టుకునింది నువ్వు. మద్దెలో నీ దేవుడు ఏం జేసినాడు?"

"నిన్ను తెచ్చి ఈడ కూర్చోబెట్టినాడు."

నా ప్రాణం లేచొచ్చింది. పాత వాదన మళ్లీ మొదలైంది, ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. కానీ మామ చేయి పోగు దగ్గర ఆగిపోయింది.

"అది కాదు సామీ. మత్తు దిగి కండ్లు తెరిస్తి. కొడుకుండాడు, కోడలుండాది, ఈ నాగేశు ఉండాడు. నీ కోసం సూస్తి. నువ్వు లేకపోతివి." సార్ మొహం వైపు చూశాడు. "దేవుడు లేకుండా ఇన్నేండ్లు బతికినా. ఆ పొద్దు నువ్వు గూడా లేకపోతివి."

సార్ తల ఎత్తలేదు. చేతిలోని పోగు కొస అలాగే పట్టుకున్నారు. "ఆస్పత్రిలో ఊరికే కూసోను నాకు చాతకాలేదప్పా. కాళ్లు నిలబడలేదు. ఏదో ఒకటి చేయాలనిపిచ్చె. నాకు వచ్చింది అదొక్కటే."

"ఊరికే కూసోనుంటే సాలు సామీ. నిన్ను ఎవురు ఏం జేయమన్యారు."

ఐదు నెలలుగా మామకు కోపం దేవుడి మీద అనుకున్నాను. పక్కనే మంచం దగ్గర నిలబడి కూడా ఆయన కళ్లు ఎవరికోసం వెతికాయో నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, అటు తిరిగి కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక లక్ష్మి జొన్నరొట్టె, శనగ్గింజల పచ్చడి పెట్టింది. సార్ తన డబ్బా తెరిచారు. మామ అడగకుండానే ఆయన సంచీలో చేయి పెట్టి పొట్లం తీశాడు. "గోదుమ పిండి, సక్కెర, నెయ్యి, యాలక్కాయ" అన్నాడు. కొంచెం ఆగి, ఈసారి మిగతా మాట అనకుండా తినేశాడు. సార్ పెరుగన్నంలోకి చూస్తూ కూర్చున్నారు.

మూడింటికి నేను లేచేసరికి పావు వంతు పోగులు కూడా అతకలేదు. పడుగు పూర్తయ్యేదాకా సార్ ఉంటానన్నారు. లాడ్జిలో దిగాల్సి వస్తుందేమోనని నేను తెచ్చుకున్న బట్టల సంచీ అలాగే తిరిగి మోసుకొచ్చాను. నాలుగున్నరకు ఆదోని చేరి, ఐదూ నలభైకి గుంతకల్లు బండి ఎక్కాను. చేల మీద పొద్దు వాలుతోంది. పొద్దుట మంచులోంచి తేలిన గుట్టలు ఇప్పుడు ఎర్రగా, తీరిగ్గా వెనక్కి పోతున్నాయి.

ఆస్పరి దాటుతుండగా సార్ ఫోన్ చేశారు. "చేరినావా? పడుగు సగమైంది. వీడు పోగులు తప్పు అందిస్తాండాడు" అని చెప్పి, ఫోన్ కట్ చేయడం మరిచి పక్కన పెట్టేశారు. నేనూ కట్ చేయలేదు. మగ్గం దగ్గరి మాటలు దూరంగా, మెల్లగా వినిపిస్తున్నాయి. దేవుడు సృష్టించకపోతే పత్తి ఎక్కడిదని ఒకరు, దేవుడే సృష్టించుంటే పురుగు మందు ఎందుకని ఇంకొకరు. కళ్లు మూసుకుని విన్నాను. చీకటి పడేలోపు ఎవరు గెలుస్తారో నాకు అక్కర్లేదు. వాళ్లిద్దరికీ కూడా అక్కర్లేదని ఇన్నాళ్లకు తెలిసింది.

తర్వాత సార్ గొంతు, కొంచెం తగ్గి: "వచ్చే నెల నా కంటికి ఆపరేషన్. నా కోసం ఒక్క దండం పెడ్తావా?"

"పెట్టను సామీ."

బండి చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. లైను పోయిందేమోనని ఫోన్ చెవికి నొక్కిపట్టాను.

"యాడికీ పోను గూడా. నువ్వు కన్ను తెర్సేదాంక ఆడనే కూసోనుంటా."