గోడ మీద జాజు ఉన్నన్నాళ్లు

కాళాచారి నోటికి ఎదురుచెప్పి గెలిచిన మనిషి ఆళ్లగడ్డలో ఒక్కతే. ఆమె పేరు సలోమి. కట్టుకున్న రామమ్మే ఏనాడూ ఆయన మీద గెలవలేదు. గెలవలేదని ఆమె ఒప్పుకోదు, అది వేరే సంగతి.

సలోమి వాళ్ల శిల్పాల షెడ్డు వెనక గదిలో అద్దెకుండేది. రోజూ బస్సెక్కి నంద్యాలకు పోయి కాలేజీలో జీవశాస్త్రం చెప్పేది. ఒకరోజు పొద్దున క్యారియర్ పట్టుకుని బయటికొచ్చేసరికి షెడ్డులో గొడవ.

ఆ షెడ్డుకొక పద్ధతి ఉంది. అసలు బొమ్మ గీసిన కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంటుంది, రాతిదుమ్ములోకి రానివ్వరు. దాన్ని చూసి కాళాచారి షెడ్డు గోడ మీద జాజుతో, అంటే ఎర్రమట్టి నీళ్లతో, బొమ్మ గీస్తాడు. గోడ మీద గీత ఉన్నన్నాళ్లు పని ఉన్నట్టే. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచేస్తాడు. ఆ తుడవడమే ముందురోజు మరిచిపోయాడు. పనివాడు మద్దిలేటి వచ్చి, గోడ చూసి, ఎవరూ అడగని సింహం కోసం మంచి రాయిని సగం చెక్కేశాడు.

“కండ్లు యాడ పెట్టుకున్యావ్‌రా? సింహం నిన్ననే బండెక్కి పాయె గదా. నా షెడ్డు దిగి పో,” అంటున్నాడు కాళాచారి.

మద్దిలేటి తల వంచుకున్నాడు. సలోమి క్యారియర్ కింద పెట్టింది.

“గోడ మీద సింహముంటే మద్దిలేటన్న గుర్రాన్ని చెక్కల్లనా పెద్దనాయనా?”

“నీకెందుకు తల్లీ, బస్సు పోతాది.”

“పోనీ. గీసింది నువ్వు. తుడవంది నువ్వు. ఆయప్ప చెయ్యి గోడ చెప్పిందే చేసింది. మన ఒంట్లో గూడా ఇంతే.”

కాళాచారి మీసం దువ్వుకున్నాడు. రాయిని చూశాడు, గోడను చూశాడు. చివరికి గుడ్డ తడుపుకుని తనే గోడ దగ్గరికి నడిచాడు. రామమ్మ వంటింటి గడపలో నవ్వు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు మాత్రం పోయింది.

సాయంత్రం శనక్కాయలు ఒలుస్తూ రామమ్మ అడిగింది. “ఒంట్లో గూడా ఇంతే అంటివే, ఒంట్లో గోడ యాడుందమ్మీ?”

“ఒంట్లో ఒక్కో కణానికి ఒక ట్రంకుపెట్టె ఉంటాది పెద్దమ్మా. అసలు రాత దాంట్లోనే. డీఎన్ఏ అంటారు, అది బయటికి రాదు. దాన్ని చూసి గీసిన నకలు బయటికొస్తాది. అది మెసెంజర్ ఆర్ఎన్ఏ. పనోళ్లు దాన్ని చూసి ప్రొటీన్లు చేస్తారు. నకలు ఉన్నంతసేపు చేస్తానే ఉంటారు.”

“మరి చాలని ఎవరు చెప్తారు?”

“ఎవరూ చెప్పరు. నకలును చెరిపేస్తారు. దానికి వేరే పనోళ్లుంటారు, నకలుకుండే తోక కాడ నుంచి కొరుక్కుంటా పోతారు. దెబ్బ తగిలితే వాపు రమ్మనే నకళ్లు బేగా చెరిగిపోవల్ల, లేకుంటే వాపు తగ్గదు. రక్తానికి ఎరుపిచ్చేదాని నకలు మాత్రం శానా దినాలు నిలుస్తాది. ఎన్ని నకళ్లు గీసిరనేదే గాదు, ఎన్నాళ్లు ఉంచిరనేది గూడా లెక్కే.”

కాళాచారి కూడా ఒక్కపూట పనికి ఉత్త జాజు, పెద్ద పనికి తొందరగా చెరక్కుండా తుమ్మజిగురు కలిపిన జాజు వాడేవాడు.

“మీ పుస్తకం రాసినోడు మా గోడ చూసే రాసింటాడు,” అంది రెండో తరగతి దాటని రామమ్మ.

ఎంత మంచి రోజులవి. సలోమి నంద్యాల నుంచి మహానంది అరటిపండ్లు తెచ్చేది, క్రిస్మస్‌కు గులాబీ పువ్వులనే పిండివంట చేసి ఆకులో పెట్టేది. ఆమె కొంగు నిండా సుద్దపొడి, ఈయన పంచె నిండా రాతిపొడి. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వాదించుకుని లేస్తే ఊడ్చుకోలేక చచ్చేది రామమ్మే. తర్వాత సలోమి నంద్యాలకే కాపురం మార్చింది. అరుగు శుభ్రంగా ఉండిపోయింది. రామమ్మకు అదే నచ్చలేదు.

పోయిన ఏడాది కాళాచారి పోయాడు. గోస్పాడు గుడి కోసం జిగురుజాజుతో గీసిన నంది గోడ మీదే ఉండిపోయింది. నంది గుడికి చేరింది, గీత మాత్రం చెరగలేదు. తుడవబోయి గుడ్డ పట్టుకున్న మద్దిలేటి చెయ్యి విరుస్తానంది రామమ్మ. గోడ మీద నంది ఉంటే షెడ్డులో నందే. వేరే బొమ్మలు అడిగొచ్చినవాళ్లు వేరే షెడ్లకు పోయారు. అమ్ముడుపోని నందులు గేటు దాకా బారు తీరాయి. వచ్చే నెల నుంచి ఇంకో షెడ్డుకు పోతానని మద్దిలేటి చెప్పేశాడు. అతను కూడా వెళ్లిపోతే షెడ్డుకు తాళమే.

ఈ క్రిస్మస్‌కు సలోమి గులాబీ పువ్వులు తీసుకుని వచ్చింది. నందుల బారు పక్కనుంచి నడిచి గోడ ముందు నిలబడింది.

“ఏందమ్మీ, మాట్లాడవు? నీ నోరు గూడా మూతబడెనా?” అంది రామమ్మ.

“పెద్దనాయన గీసిన కాయితం ఉంది గదా పెద్దమ్మా?”

“పెట్టెలో ఉంది. అన్నీ ఉండాయి. నీకెందుకు?”

“పెద్దనాయన ఆ పెట్టెలో ఉండాడు. ఈడ గాదు. ఇది వాపు మాదిరి పెద్దమ్మా, చెరగకుంటే తగ్గదు.”

రామమ్మ కొంగుతో ఒక నంది వీపు మీది దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

సలోమి దండెం మీద బిగుసుకుపోయిన కాళాచారి గుడ్డను తీసి, బకెట్లో ముంచి, పిండి ఆమె ఒళ్లో పెట్టింది.

“రేపు మద్దిలేటన్న రాకముందే గోడ కడుగు. నువ్వే కడుగు పెద్దమ్మా. ఇంకొకరి చెయ్యి పడనీవద్దు.”