చేతులకు నీళ్లు

గల్ఫ్‌లో ఉద్యోగం కోసం ఖోర్ ఫక్కాన్ నుంచి అజ్మాన్‌కు అది నా మూడో తిరుగుడు. మేనేజరు కోసం అడిగితే "ముదీర్ లేడు, రేపు రా" అన్నారు ఆఫీసులో, నా ముఖం కూడా చూడకుండా. మధ్యాహ్నపుటెండలో కాళ్లీడ్చుకుంటూ కనిపించిన మొదటి హోటల్లోకి దూరాను. మలేషియా వాళ్లది. భర్త వంట, భార్య వడ్డన.

ఆమె కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన నెత్తళ్లు, ఎర్రటి మిరపకాయ పచ్చడి తెచ్చి పెట్టింది. పక్కనే ఒక గిన్నె మీద టీ కెటిల్ లాంటిది ఉంచింది. దాహం ఆగక, అందులోని నీళ్లు గ్లాసులోకి వంపుకుని గటగటా తాగేశాను.

ఆమె పరుగెత్తుకొచ్చింది. "భయ్యా, ఖలాస్, ఖలాస్! యే హాత్ ధోనే కా పానీ!"

చాలు, ఆపమంటోంది. తినేముందు చేతులు కడుక్కోవడానికి వాళ్ల దేశంలో అలా బల్ల మీదే పెడతారట.

"సారీ సిస్టర్" అన్నాను, తలెత్తలేక.

ఆమె నవ్వలేదు. కెటిల్ అందుకుని "హాత్ దో" అంది. చేతులు చాపాను. సన్నటి ధారగా పోసింది. మా నెల్లూరులో అలా దగ్గర నిలబడి చేతులకు నీళ్లు పోసేది కొత్తల్లుడికే. పొద్దుటి నుంచి నన్ను కూర్చోమన్నవాళ్లే లేరు.

చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. చాలని మాత్రం నేను అనలేదు.